మంగళం దాకా

మాది పెద్దదోర్నాల. శ్రీశైలం వెళ్ళొచ్చిన వాళ్ళకు మా ఊరు గుర్తుండే ఉంటుంది. ఘాటు రోడ్డు ఎక్కబోయే ముందు బస్సు ఇక్కడ కాసేపు ఆగుతుంది. మలుపుల్లో కడుపులో తిప్పుతుందని తల్లులు పిల్లల చేతుల్లో నిమ్మకాయ పెడతారు. ఊరు దాటితే చెక్‌పోస్టు, ఆపైన అంతా నల్లమల. కర్నూలు రోడ్డు, మార్కాపురం రోడ్డు, గుంటూరు వైపు పోయే రోడ్డు, కొండ మీదికి పోయే రోడ్డు అన్నీ మా దగ్గర కలుస్తాయి. సెంటర్‌కు కూతవేటు దూరంలో నాకో రిపేరు షాపు ఉంది. రేడియోలు, టేప్ రికార్డర్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తున్నాను. పాట వినడం మాత్రం మానలేదు.

మా ఊళ్ళో పాట వినేవాడికి ఆ చెక్‌పోస్టు గేటే గడియారం. కొండ దారి పెద్దపులుల అభయారణ్యం గుండా పోతుంది కాబట్టి రాత్రి 9 గంటలకు గేటు వేసేస్తారు. మళ్ళీ తెరిచేది ఉదయం 6 గంటలకే. శ్రీశైలం గుడిలో నిత్య కళారాధన అని సాయంత్రాలు పాట, ఆట, హరికథ జరుగుతుంటాయి. మూడేళ్ళ కిందట అక్కడ ఒక కచేరీకి వెళ్ళాను. గాయకుడు తోడి రాగం తీరిగ్గా పాడి, కీర్తన పాడి, స్వరాలు వేసి, మృదంగానికి ఒంటరిగా వాయించుకునే తని ఆవర్తనం వదిలాడు. నేను టైము చూసుకుని లేచాను. బస్టాండు వైపు నడుస్తుంటే వెనక మృదంగం వినబడుతూనే ఉంది. వీధి మలుపు తిరిగాక వినబడలేదు. అది ఎట్లా ముగిసిందో నాకు తెలియదు. మూడేళ్ళుగా ఆ తని నా చెవిలో సగంలోనే ఉండిపోయింది.

అందుకని పోయిన వారం ఒక నియమం పెట్టుకున్నాను. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకొక ఆల్బమ్, మొదటి పాట నుంచి చివరి పాట వరకు, వరస తప్పకుండా వినాలి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా మనుషుల ఎదురుగా కూర్చుని వినాలి. ఏది మొదలుపెట్టినా మంగళం దాకా ఉండాలి. ఆ వారం కథే ఈ పూట మీకు చెప్పాలని వచ్చాను.

సోమవారం షాపు కట్టేశాక మా నాన్న కొన్న రికార్డ్ ప్లేయర్ దుమ్ము తుడిచాను. ఆల్బమ్ అనే మాట ఎట్లా వచ్చిందో చాలామందికి తెలియదు. పాత గ్రామఫోను ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక వైపు మూడు, నాలుగు నిమిషాలకు మించి పాట పట్టేది కాదు. పెద్ద రచన ఏదైనా వినాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. వాటిని ఫోటోల పుస్తకంలా అట్ట సంచులు కుట్టిన పుస్తకంలో పెట్టి అమ్మేవారు. ఆ పుస్తకానికే ఆల్బమ్ అని పేరు. 1948లో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. అది నిమిషానికి 33 చుట్లు, ఆ పైన మూడో వంతు తిరుగుతుంది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాట పట్టింది. పుస్తకం పోయి ఒకే ప్లేటు మిగిలింది, పేరు మాత్రం నిలిచింది.

ఆ ఇరవై నిమిషాలు మన ఇళ్ళకు ఏమిచ్చాయో ఆలోచించండి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో రికార్డుగా వచ్చింది. మొత్తం ఇరవై నిమిషాల చిల్లర. పాత ప్లేటు మీదయితే దాన్ని ఆరేడు ముక్కలు చెయ్యాలి. స్వామిని లేపుతూ లేపుతూ మధ్యలో ఆపి ప్లేటు తిప్పాలి. లాంగ్ ప్లే వచ్చింది కాబట్టే తెల్లవారుజామున మన వీధుల్లో అది ఒకే ధారగా సాగింది. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆవిడ పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు రికార్డులుగా వచ్చింది. అందులో మొదటిది పెట్టాను. మొదటి వైపు అయిపోగానే సూది గరగరమని లోపలి అంచున తిరిగింది. లేచి, ప్లేటు తిప్పి, మళ్ళీ కూర్చున్నాను. ఆ లేచి కూర్చోవడంలో ఒక మర్యాద ఉంది. పాట మన కోసం రావడం ఒక వంతయితే, మనం పాట కోసం లేవడం రెండో వంతు.

మంగళవారం క్యాసెట్ వంతు. నా షాపు బతికింది క్యాసెట్ల మీదే. హెడ్డు మీద పేరుకున్న మురికిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం, సాగిపోయిన బెల్టు మార్చడం, బయటికొచ్చిన టేపును పెన్సిల్‌తో చుట్టి లోపలికి పంపడం, ఇవే నా చదువులు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడిన త్యాగరాజ కీర్తనల క్యాసెట్ ఒకటి నా దగ్గర ఉంది. రెండు వైపులా కలిపి గంట. ఎన్నోసార్లు విన్నదే అయినా ఈసారి మధ్యలో లేవకుండా విన్నాను.

వింటుంటే ఒక లెక్క గుర్తొచ్చింది. బాలమురళి గారి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు. ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు. ఆయన సాక్షాత్తు త్యాగరాజస్వామి శిష్యుడు. కావేరి ఒడ్డున స్వామి పాడినది మనిషి నోటి నుంచి మనిషి చెవికి దాటుతూ కృష్ణ ఒడ్డుకు చేరి, బెజవాడ రేడియో నుంచి మా నాన్న వాల్వు రేడియోలోకి వచ్చింది. మధ్యలో ఎవరైనా సగం విని లేచిపోయి ఉంటే ఆ దారి అక్కడే తెగిపోయేది.

ఇంకొక మాట చెబుతాను, ఇది మన ప్రాంతం వాళ్ళంతా గట్టిగా పట్టుకోవలసిన మాట. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. అర్ధవీడు మండలంలో, నల్లమల అంచున ఉన్న కాకర్లే ఆయన పూర్వీకుల ఊరని పెద్దలు చెబుతారు. శ్యామశాస్త్రి గారి పూర్వీకులు మన కంభం నుంచి దక్షిణానికి తరలిపోయిన వారని సంగీత చరిత్రలు రాసినవారు చెబుతారు. సంగీత త్రిమూర్తులు ముగ్గురూ పుట్టింది తిరువారూరులో. శ్యామశాస్త్రి 1762లో, త్యాగరాజు 1767లో, దీక్షితులు 1775లో. ఆ ముగ్గురిలో ఇద్దరి మూలాలు మా బస్సులు తిరిగే దారిలోనే ఉన్నాయి. ఈ నేల 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. నేదునూరి, వోలేటి, నూకల వంటి గాయకులను తీర్చిదిద్దిన గురువు శ్రీపాద పినాకపాణి గారు ఆ కర్నూలులోనే పగలు వైద్యం చేస్తూ, మిగతా వేళల్లో సంగీతం చెబుతూ స్థిరపడ్డారు. మాది కరువు సీమే. సంగీతానికి మాత్రం ఇక్కడ ఎన్నడూ కరువు లేదు.

బుధవారం కంభంలో చిన్న పని పడింది. మార్కాపురం మీదుగా బస్సులో వెళ్ళాను. పని అయ్యాక చెరువు కట్ట ఎక్కాను. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేయించిన కట్ట అది. నేటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేరింది. ఆ కట్ట మీద కూర్చుని, శ్యామశాస్త్రి గారి మూడు స్వరజతులున్న ఆల్బమ్ ఫోనులో పెట్టుకున్నాను. భైరవి, యదుకులకాంభోజి, తోడి. మూడింటినీ కలిపి రత్నత్రయం అంటారు.

భైరవి స్వరజతిలో ఒక కట్టుబడి ఉంది. చరణాలు ఒకదాని తర్వాత ఒకటి షడ్జమంతో, రిషభంతో, గాంధారంతో, అట్లా ఒక్కొక్క మెట్టే పైకి వెళ్తూ మొదలవుతాయి. చివరి చరణం పై షడ్జమానికి చేరుతుంది. తాళం మిశ్ర చాపు, ఏడు మాత్రలది. మూడూ నాలుగుగా విరిగి నడుస్తుంది. మధ్యలో ఎక్కడో ఒక చరణం తీసి వింటే అందంగానే ఉంటుంది, కానీ ఎక్కుతున్నామని తెలియదు. కింద నుంచి వరసగా వింటేనే చివరి మెట్టు మీద నిలబడ్డప్పుడు గుండె నిండుతుంది. నా ముందు నీళ్ళు, నీళ్ళకు ఆవల కొండలు. కొన్ని వందల ఏళ్ళ కిందట ఈ గాలి పీల్చిన మనుషులు ఇంటి సామాన్లు కట్టుకుని దక్షిణానికి నడిచిపోయారు. వారి వంశంలో పుట్టిన బిడ్డ కట్టిన పాట ఈ పూట అదే కట్ట మీద మోగుతోంది. నాకు కళ్ళు చెమర్చాయని చెప్పడానికి సంకోచం లేదు.

గురువారం మా మేనల్లుడు వచ్చాడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి పాటలంటే ప్రాణం, కానీ ఏ పాటా ముప్పై సెకన్లు దాటి వినడు. వాడిని కూర్చోబెట్టి ఇళయరాజా గారి ‘హౌ టు నేమ్ ఇట్’ క్యాసెట్ పెట్టాను. 1986లో వచ్చింది. త్యాగరాజస్వామికీ, జర్మనీ సంగీతకారుడు బాఖ్‌కూ ఆయన పట్టిన నీరాజనం అది. బాఖ్ 1750లో కన్నుమూశాడు, స్వామి 1767లో పుట్టారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇద్దరూ దేవుడి కోసం సంగీతం కట్టారు. వి.ఎస్. నరసింహన్ గారి ఫిడేలు ఇద్దరినీ ఒక అరుగు మీద కూర్చోబెడుతుంది.

రెండు నిమిషాలు కాగానే మావాడు కదిలాడు.

“ఏంది మామా, పాట యాడ మొదలవుద్ది? మాటలే లేవు గదా!”

“ఉండవురా. ఫిడేలే మాట్లాడుద్ది, ఇను.”

“నచ్చిన ముక్క పెట్టుకుని ఇంటే చాలదా?”

“ఆ ముక్క నచ్చుద్దని నీకు ముందే ఎట్టా తెలిసింది? ఎవరో మొత్తం విని, ఏరి, నీ చేతిలో పెట్టారు. ఏరే పని నువ్వెప్పుడు చేస్తావు?”

వాడు మాట్లాడలేదు. రెండో వైపు తిప్పేటప్పుడు వాడే లేచి క్యాసెట్ తిప్పాడు. అయిపోయాక ఒక్క మాటన్నాడు. “మామా, మూడోది ముందు వినుంటే నచ్చేది కాదు. మొదటి రెండూ విన్నాక నచ్చింది.” ఆల్బమ్ అంటే ఏమిటో నేను చెప్పలేని మాట వాడు చెప్పాడు. పాటల వరస కూడా సంగీతమే. ఎక్కడ ఊపిరి పీల్చుకోనివ్వాలి, ఎక్కడ బిగించాలి అని చేసినవాడు ఆలోచించి పేరుస్తాడు. ఆ పేర్పును మనం చెదరగొడితే అందులో సగం మాట మనకు చేరదు.

ఇక శుక్రవారం నుంచి మనుషుల మధ్యకు వెళ్ళాను. రాత్రి రామాలయంలో భజన. హార్మోనియం, డోలకు, తాళాలు, చెక్కలు. పాడేవాళ్ళలో పొలం పనికి పోయి వచ్చినవాళ్ళున్నారు, ఆటో నడిపేవాళ్ళున్నారు. ఒకాయన తత్వం ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు. కాలం నెమ్మదిగా మొదలై, చెక్కలు లేచేసరికి నేల అదురుతుంది. ఇక్కడ చూసి నేర్చుకోవలసింది ఒకటుంది. మంగళ హారతి అయ్యేదాకా ఒక్కరు కదలరు. హారతి కళ్ళకద్దుకుని, గుగ్గిళ్ళు దోసిట్లో పోయించుకుని, అప్పుడు లేస్తారు. కచేరీ మర్యాదలు వీళ్ళకు ఎవరూ చెప్పలేదు. చివరిదాకా ఉండడం వీళ్ళకు పుట్టుకతో వచ్చింది. మా మేనల్లుడికి ఎవరో చెక్కలు చేతికిచ్చారు. రెండుసార్లు తప్పేశాడు, మూడోసారి కలిసింది. వాడి ముఖం చూడాలి అప్పుడు!

శనివారం మార్కాపురంలో బంధువుల పెళ్ళి. సన్నాయి మేళం వచ్చింది. పెళ్ళివారి సందడిలో మేళం వాయించేవారి ముఖం చూసేవారుండరు. ముహూర్తానికి ఇంకా గంట ఉంది. నేను వాళ్ళ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పెద్దాయన ఆనందభైరవి ఎత్తుకున్నాడు. సన్నాయి ఆరుబయట పుట్టిన వాద్యం, దానికి మైకు అక్కర్లేదు. గుడి వీధి చివరిదాకా వినబడాలని చేసిన వాద్యం అంత దగ్గరగా ఉన్నప్పుడు, శ్వాస పట్టడం, వదలడం కూడా తెలుస్తుంది. రికార్డులో ఆ ఊపిరి వినబడదు.

ఆయన ఆపాక దగ్గరికి వెళ్ళాను.

“సాయిబుగారూ, ఎంత బాగా వాయించారండీ! మంద్రంలోకి దిగినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది.”

ఆయన సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, “ఎవురన్నా ఇంటా ఉంటే రాగం తనంతట తనే పెరుగుద్దయ్యా. లేకపోతే రెండు పట్లు పట్టి ముగించేస్తాం. షేక్ చినమౌలానా గారిది మన కరవదే గదా. ఆయన రికార్డులు అరిగిపోయేదాకా ఇన్నా నేను” అన్నాడు.

1924లో ఒంగోలు పక్కన కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకుని, తమిళ నేల మీద ఆశ్రమం పెట్టి నాదస్వరం నేర్పిన మహానుభావుడాయన. ఆయన శిష్య దంపతులు షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ గార్లకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పెద్దాయన ముందు రికార్డు విన్నాడు, ఆ తర్వాత వాయించాడు. వినేవాడుంటే రాగం పెరుగుతుందని అన్నాడు. శ్రోత పని ఎంత పెద్దదో ఆ ఒక్క మాటతో తెలిసింది నాకు.

ఆదివారం మధ్యాహ్నం మా మేనల్లుడూ నేనూ కొండెక్కాం. సుమారు 50 కిలోమీటర్ల దారి. బస్సు ఎక్కే ముందే రాత్రికి సత్రంలో గది అడిగి పెట్టుకున్నాను. ఇక గేటుతో నాకు పని లేదు. ఆ సాయంత్రం పాడింది తిరుపతిలో సంగీతం చదువుకున్న యువతి. ఫిడేలు, మృదంగం పక్కన ఉన్నాయి. వర్ణంతో మొదలుపెట్టి, రెండు చిన్న కీర్తనలు పాడి, ఆవిడ తలపెట్టింది భైరవి స్వరజతి.

నేను బుధవారం కట్ట మీద విన్న మెట్లే. ఒక్కొక్క చరణం ఎక్కడ మొదలవుతుందో నాకు ముందే తెలుసు. అయినా ఆవిడ పాట రికార్డులోలా లేదు. పంచమం చరణం దగ్గరకొచ్చేసరికి గుళ్ళో హారతి గంటలు మొదలయ్యాయి. ఆవిడ పంచమం మీదే నిలిచింది. ఫిడేలు సన్నగా ఆ స్వరాన్నే పట్టుకుంది. మృదంగం చాపు నడకను వేలి కొసలతో మాత్రం నడిపింది. గంటలు ఆగాక, ఆ నిశ్శబ్దంలోంచి చరణం లేచింది. అది మళ్ళీ ఎక్కడా వినబడదు, ఏ క్యాసెట్లోనూ దొరకదు. కానీ రికార్డు పూర్తిగా వినకపోయి ఉంటే, ఆవిడ అక్కడ ఆగిందన్న సంగతే నాకు తెలిసేది కాదు. వారమంతా వెతికినదానికి జవాబు అక్కడ దొరికింది. రికార్డు మనకు దారి చూపిస్తుంది. కచేరీలో ఆ దారిన ఎవరో ఒకరు ఊపిరితో నడుస్తారు. రెండూ కావాలి.

తర్వాత రాగాలాపన, త్యాగరాజ కీర్తన, నెరవు, స్వరాలు. ఆ తర్వాత తని. ఈ కచేరీ పద్ధతిని ఇరవయ్యో శతాబ్దంలో అరియక్కుడి రామానుజయ్యంగారు ఇప్పటి రూపానికి తెచ్చారు. మృదంగం మొదలవగానే ముందు వరసలో కొందరు లేచారు. వారిని తప్పుపట్టను, మూడేళ్ళ కిందట నేనూ అట్లాగే లేచాను. ఈసారి కూర్చున్నాను. చిన్న చిన్న జతులతో మొదలై, లెక్కలు చిక్కబడి, అంతా చెదిరిపోయిందేమో అనిపించిన చోట ముగింపు జతులైన మోహరా, కోర్వ వచ్చాయి. మూడోసారి కోర్వ సరిగ్గా కీర్తన ఎత్తుగడ మీద పడింది, గొంతు అందుకుంది. మూడేళ్ళుగా నా చెవిలో వేలాడుతున్న ఆ సగం తని కూడా అక్కడే ముగిసింది. చివరికి సౌరాష్ట్ర రాగంలో మంగళం. మేం పదిహేను మందిమి మిగిలాం. ఆవిడ ఆ పదిహేను మందికీ చేతులెత్తి నమస్కరించింది.

మరునాడు తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకున్నాం. కొండ పైనుండే గేటు దగ్గర బండ్లన్నీ వరసగా ఆగి ఉన్నాయి. ఆరు ఎప్పుడవుతుందా అని డ్రైవరు కిందికి దిగి నిలబడ్డాడు. అడవిలో నెమలి అరిచింది. పక్కన చూస్తే మా మేనల్లుడు చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా కూర్చుని, మోకాలి మీద వేళ్ళతో మూడు, నాలుగు, మూడు, నాలుగు అని చాపు వేస్తున్నాడు.

“ఏం తాళంరా అది?”

“తెలవదు మామా. రాత్రి నుంచి పోవట్లా.”

గేటు తెరిచారు. బస్సు కదిలింది. దోర్నాల వచ్చేదాకా వాడు ఆ తాళం ఆపలేదు.

శ్రోతలారా, మీ ఇంట్లోనూ ఏదో ఒక క్యాసెట్టు, ఒక రికార్డు, ఫోనులో ఒక ఆల్బమ్ ఉంటుంది. ఈ వారం ఒక్కటి, ఒకే ఒక్కటి, మొదటి నుంచి చివరిదాకా వినండి. మీ ఊరి గుళ్ళో భజన జరిగినా, పక్కింట్లో పెళ్ళిమేళం వచ్చినా, ఎదురుగా వెళ్ళి కూర్చోండి. హారతి అయ్యేదాకా లేవకండి. కాకర్ల నుంచీ, కంభం నుంచీ బయలుదేరిన పాట ఇన్ని వందల ఏళ్ళు నడిచి మళ్ళీ మన గుమ్మం దాకా వచ్చింది. అది ముగిసేదాకా కూర్చుందాం.